క్వాంటమ్ ఫలితాలకు చార్ట్ గీయడం ఎలా: ఏ బొమ్మ ఏం చూపిస్తుంది, ఏం దాచేస్తుంది

2025 మేలో ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి అమరావతి క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల (క్యూబిట్ అంటే క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్ లాంటిది) హెరాన్ ప్రాసెసర్ ఉన్న క్వాంటమ్ సిస్టమ్ టూ అనే కంప్యూటర్ పెడతామని ప్రకటించినప్పటి నుంచి మనవాళ్లలో క్వాంటమ్ మీద ఆసక్తి బాగా పెరిగింది, కాలేజీ ప్రాజెక్టుల్లోనూ లింక్డ్‌ఇన్ పోస్టుల్లోనూ క్వాంటమ్ చార్టులు వరసగా కనిపిస్తున్నాయి. చాలా సంతోషం. కానీ అందులో ఎక్కువ చార్టుల్లో ఒకటే సమస్య: సమానంగా ఉన్న రెండు కడ్డీలు గీసి, కింద "సూపర్‌పొజిషన్ సాధించాం" (అంటే క్యూబిట్‌ని 0, 1 రెండూ కలిసిన స్థితిలో పెట్టాం) అని రాసేస్తారు. నాణెం ఎగరేసి లెక్కపెట్టినా అవే రెండు కడ్డీలు వస్తాయి కదా. ఆ చార్ట్ నిజానికి ఏమీ రుజువు చేయలేదు.

మామూలు డేటాకి చార్ట్ గీయడం వేరు, క్వాంటమ్ ఫలితానికి గీయడం వేరు. అమ్మకాల లెక్కో వర్షపాతమో అయితే డేటా మొత్తం మన చేతిలో ఉంటుంది, దాన్ని ఎలా చూపించాలన్నదే ప్రశ్న. క్వాంటమ్‌లో క్యూబిట్‌ని కొలిచిన క్షణంలోనే అందులోని సమాచారంలో కొంత పోతుంది, మిగిలినదే మన చేతికొస్తుంది. అందుకని ప్రతి బొమ్మా ఏదో ఒకటి దాస్తుంది. ఏది దాస్తోందో తెలుసుకుని గీయడమే ఇక్కడ అసలు పని. పైథాన్ కాస్త వచ్చి, క్యూబిట్, గేట్ (క్యూబిట్ స్థితిని మార్చే చర్య) అనే మాటలు విని ఉంటే చాలు, కింద చెప్పినవన్నీ మీ ల్యాప్‌టాప్‌లోనే చేసుకోవచ్చు.

సామాన్లు సర్దుకోండి

ఇన్‌స్టాల్ చేసే ఓపిక లేకపోతే మొదట క్వర్క్‌తో మొదలుపెట్టండి. క్రెయిగ్ గిడ్నీ తయారుచేసిన సిమ్యులేటర్ ఇది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, గేట్లను మౌస్‌తో లాగి పడేస్తే చాలు, లాగిన్ కూడా అక్కర్లేదు. కాస్త సీరియస్‌గా చేయాలంటే ఐబీఎం వాళ్ల ఓపెన్ సోర్స్ లైబ్రరీ కిస్కిట్ తీసుకోండి. పిప్‌తో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పేరు పక్కన చదరపు బ్రాకెట్లలో విజువలైజేషన్ అని చేరిస్తే మ్యాట్‌ప్లాట్‌లిబ్ (పైథాన్‌లో చార్టులు గీసే లైబ్రరీ)తో సహా బొమ్మలకు కావలసినవి దాదాపు అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి.

ఒక్క జాగ్రత్త. కిస్కిట్ 1.0 వెర్షన్ 2024 ఫిబ్రవరిలో వచ్చింది, దాంతో పాత పద్ధతులు చాలా తీసేశారు. యూట్యూబ్‌లో ఉన్న పాత వీడియోల్లో 'ఎగ్జిక్యూట్' అనే ఫంక్షన్ పిలుస్తుంటారు, అది ఇప్పుడు లేదు. వీడియో చూసి కొట్టిన కోడ్ ఎర్రర్ ఇస్తే టెన్షన్ పడకండి, తప్పు మీది కాకపోవచ్చు, ముందు ఆ వీడియో తేదీ చూడండి.

గీసేముందు: చేతిలో ఉన్న డేటా ఏ రకం?

ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం తప్పులు ఆగిపోతాయి. సిమ్యులేటర్ మీకు స్టేట్ వెక్టర్ ఇవ్వగలదు, అంటే క్యూబిట్ల పూర్తి స్థితి, ఫేజ్‌తో సహా (ఫేజ్ అంటే ఏంటో కింద చూద్దాం). అసలు మెషీన్ అది ఇవ్వదు, ఎప్పటికీ ఇవ్వలేదు కూడా. సర్క్యూట్‌ని వెయ్యిసార్లు నడిపితే (ఒక్కోసారి నడపడాన్ని ఒక షాట్ అంటారు) 00 ఇన్నిసార్లు, 11 ఇన్నిసార్లు అని లెక్క మాత్రమే ఇస్తుంది. స్టేట్ వెక్టర్‌తో గీసిన బొమ్మ సిద్ధాంతం ఏం చెబుతోందో చూపిస్తుంది, షాట్ల లెక్కతో గీసిన బొమ్మ మెషీన్ ఏం చేసిందో చూపిస్తుంది. సిమ్యులేటర్‌లో గీసిన గోళాన్ని తెచ్చి "మెషీన్ ఫలితం" అని స్లైడ్‌లో పెడితే చూసేవాళ్లని తప్పుదారి పట్టించినట్టే.

హిస్టోగ్రామ్ గీయండి, కానీ కడ్డీలకు ఎర్రర్ బార్లు పెట్టండి

బెల్ స్టేట్‌తో మొదలుపెడదాం, అంటే రెండు క్యూబిట్లు ఒకదానితో ఒకటి ముడిపడిన స్థితి. రెండు క్యూబిట్లు, మొదటిదానికి హెచ్ గేటు (0 ని 0, 1 చెరి సగం వచ్చే స్థితికి తెస్తుంది), తర్వాత రెండింటి మధ్య సీఎక్స్ గేటు (మొదటిది 1 అయితే రెండోదాన్ని తిప్పేస్తుంది), చివర కొలత. సిద్ధాంతం ప్రకారం 00, 11 చెరి సగం రావాలి, 01, 10 అసలు రాకూడదు. మెషీన్ మీద 1000 షాట్లు నడిపితే 00 కి 481, 11 కి 468, 01 కి 27, 10 కి 24 వచ్చాయనుకోండి (లెక్క చూపించడానికి నేను తీసుకున్న అంకెలివి). కిస్కిట్‌లో ప్లాట్ హిస్టోగ్రామ్ అనే ఫంక్షన్‌కి ఈ లెక్క ఇస్తే నాలుగు కడ్డీలు గీసిపెడుతుంది. సంఖ్యల బదులు సంభావ్యతలు కావాలంటే ప్లాట్ డిస్ట్రిబ్యూషన్ వాడండి. ఫంక్షన్ పేర్లలో మాటల మధ్య అండర్‌స్కోర్ ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ఇక్కడితో ఆగిపోతే ఎవరో ఒకరు అడుగుతారు: "00 ఎక్కువ వచ్చిందేంటి, మెషీన్ సున్నా వైపు మొగ్గుతోందా?" జవాబు చార్టులోనే ఉండాలి. షాట్ల సంఖ్య ఎన్, ఆ ఫలితం వచ్చిన భాగం పి అనుకుంటే, కడ్డీ ఊగే మేర (స్టాండర్డ్ డీవియేషన్) ఎన్ × పి × (1 − పి) కి వర్గమూలం. 481 కి వేస్తే దాదాపు 16 వస్తుంది. 27 కి వేస్తే దాదాపు 5. 27, 24 మధ్య తేడా 3 మాత్రమే, అందులో చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. 481, 468 మధ్య తేడా 13. రెండు కడ్డీలూ ఊగుతాయి కాబట్టి ఆ తేడా ఊగే మేర లెక్కిస్తే దాదాపు 31, కనుక అది కూడా ఉత్త యాదృచ్ఛికమే కావచ్చు. కానీ రాకూడని 01 కి 27 రావడం మాత్రం నిజంగా మెషీన్ లోపమే, ఎందుకంటే లోపం లేకపోతే అక్కడ సున్నా ఉండాలి.

ఇంకా తేల్చుకోవాలంటే షాట్లు పెంచండి. నాలుగు రెట్లు పెంచితే, శాతాల్లో చూసినప్పుడు ఊగిసలాట సగం అవుతుంది, అంతకు తక్కువకి కుదరదు. 40,000 షాట్లలో కూడా ఇదే నిష్పత్తి నిలబడితే తేడా 520 అవుతుంది, అది ఊగే మేర 195 దగ్గర ఉంటుంది, అప్పుడు "ఏదో ఉంది" అని అనుమానించడంలో అర్థముంది. క్యూబిట్ 1 నుంచి 0 కి జారిపోవడం ఈ మెషీన్లలో మామూలే కాబట్టి కారణం కూడా అక్కడే దొరకొచ్చు.

ఈ ఊగే మేరను కడ్డీ మీద చూపించే గీతలే ఎర్రర్ బార్లు, కిస్కిట్ హిస్టోగ్రామ్ వాటిని తనంతట తాను గీయదు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ బార్ ఫంక్షన్‌తో మీరే గీసుకుని, వై ఎర్రర్ అనే ఆప్షన్‌కి ఈ లెక్క ఇవ్వండి. నాలుగైదు లైన్ల పని. ఇంకో విషయం, ఏదైనా ఫలితం ఒక్కసారీ రాకపోతే "సంభావ్యత సున్నా" అని రాయకండి. 1000 షాట్లలో ఒక్కసారీ రాలేదంటే అది 0.3 శాతం లోపు ఉండొచ్చని 95 శాతం నమ్మకంతో చెప్పగలం, అంతవరకే. మూడుని షాట్ల సంఖ్యతో భాగిస్తే ఈ హద్దు వచ్చేస్తుంది.

క్యూబిట్ల వరస కూడా ఇక్కడే చూసుకోవాలి. కిస్కిట్‌లో సున్నా నంబరు క్యూబిట్ కుడి చివర ఉంటుంది. మూడు క్యూబిట్లలో సున్నా నంబరు దానికి ఎక్స్ గేటు (0 ని 1 గా తిప్పేది) పెడితే 001 అని వస్తుంది, 100 అని రాదు. చాలా పాఠ్యపుస్తకాలు ఇందుకు తిరగేసి రాస్తాయి. మీరు ఏ వరస పాటించారో చార్ట్ మీదే రాసేయండి.

ఫేజ్ కోసం గోళం

ఇప్పుడు క్వర్క్ తెరిచి ఒక చిన్న ప్రయోగం చేయండి, ఇది చేతులతో చేసి చూస్తేనే ఒంటపడుతుంది. ఒక తీగ మీద హెచ్ గేటు పెట్టండి. 0, 1 చెరి 50 శాతం. రెండో తీగ మీద హెచ్, దాని తర్వాత జెడ్ గేటు పెట్టండి. ఇక్కడా చెరి 50 శాతమే, హిస్టోగ్రామ్ గీస్తే రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఇప్పుడు రెండు తీగల చివరా ఇంకో హెచ్ పెట్టండి. మొదటిది నూటికి నూరు శాతం 0, రెండోది నూటికి నూరు శాతం 1! ఇంతకుముందు ఒకేలా కనిపించిన రెండు స్థితులు నిజానికి పూర్తిగా ఎదురెదురుగా ఉన్నాయి, హిస్టోగ్రామ్‌కి మాత్రం ఆ తేడా కనపడలేదు. ఆ తేడానే ఫేజ్. క్వాంటమ్ ఆల్గారిథమ్‌లు తప్పుడు జవాబులను ఒకదానితో ఒకటి రద్దు చేయించి సరైన జవాబుని పైకి తెచ్చేది ఈ ఫేజ్ ద్వారానే. అంటే పని జరిగే చోటే హిస్టోగ్రామ్‌కి కళ్లు లేవన్నమాట.

బ్లాక్ గోళం గీస్తే ఇది వెంటనే కనిపిస్తుంది. భౌతిక శాస్త్రవేత్త ఫెలిక్స్ బ్లాక్ పేరు మీద వచ్చిన ఈ గోళంలో ఉత్తర ధ్రువం 0, దక్షిణ ధ్రువం 1, మధ్యలో భూమధ్యరేఖ మీద ఉన్నవన్నీ చెరి సగం వచ్చే స్థితులు. మన మొదటి తీగ బాణం ఎక్స్ అక్షం మీద ముందుకి, రెండోది వెనక్కి చూస్తుంటుంది. కిస్కిట్‌లో ప్లాట్ బ్లాక్ మల్టీవెక్టర్ అనే ఫంక్షన్ ఒక్కో క్యూబిట్‌కి ఒక్కో గోళం గీసిస్తుంది. అడ్డంగా ఒకే చార్టులో హిస్టోగ్రామ్, గోళం పక్కపక్కన పెట్టండి, కొత్తవాళ్లకి ఇంతకంటే బాగా ఫేజ్‌ని చూపించే బొమ్మ నాకు తెలియదు.

గోళం ఓడిపోయే చోటు

బెల్ స్టేట్‌కి అదే ఫంక్షన్ వాడి చూడండి. రెండు గోళాలు వస్తాయి, రెండింట్లోనూ బాణం ఉండదు. కోడ్ తప్పేమోనని చాలామంది అక్కడ గంటలు కూర్చుంటారు. కోడ్ సరిగ్గానే ఉంది. ఎంటాంగిల్ అయిన (ఒకదానితో ఒకటి ముడిపడిన) క్యూబిట్లకు విడివిడిగా తమదంటూ స్థితి ఉండదు, సమాచారం మొత్తం ఇద్దరి మధ్య సంబంధంలో ఉంది, అందుకే బాణం పొడవు సున్నాకి పడిపోయింది. ఇబ్బందేంటంటే, రెండు నాణేలు వేర్వేరుగా ఎగరేసినట్టు పూర్తి గందరగోళంలో ఉన్న క్యూబిట్లకు కూడా ఇవే ఖాళీ గోళాలు వస్తాయి. ఉన్నవాటిలో అతి విలువైన స్థితీ, పనికిరాని స్థితీ ఈ బొమ్మలో ఒకేలా ఉంటాయి.

అప్పుడు డెన్సిటీ మ్యాట్రిక్స్ గీయాలి, అంటే క్యూబిట్లన్నిటి ఉమ్మడి స్థితిని చెప్పే సంఖ్యల పట్టిక. కిస్కిట్‌లో ప్లాట్ స్టేట్ సిటీ అని ఉంది, గళ్ల నేల మీద అపార్ట్‌మెంట్లు లేచినట్టు కడ్డీలు నిలబెడుతుంది. బెల్ స్టేట్‌కి నాలుగు మూలల్లో నాలుగు కడ్డీలు, ఒక్కోటి 0.5 ఎత్తు. ఉత్తినే సగంసార్లు 00, సగంసార్లు 11 వచ్చేలా కలిపిన మిశ్రమానికైతే కర్ణం మీద ఉన్న రెండే మిగులుతాయి, మిగతా రెండు మూలలూ ఖాళీ. హిస్టోగ్రామ్‌లో ఈ రెండూ ఒకటే! కాబట్టి "ఎంటాంగిల్‌మెంట్ వచ్చింది" అని చెప్పాలనుకుంటే మీరు చూపించాల్సింది ఆ పక్క మూలల్లోని రెండు కడ్డీలనే.

త్రీడీ బొమ్మ చూడ్డానికి బాగుంటుంది కానీ ముందు కడ్డీలు వెనకవాటిని కప్పేస్తాయి, ఎత్తులు పోల్చడం కష్టం. రిపోర్టులోకి అయితే ప్లాట్ స్టేట్ హింటన్ (విలువను చదరం సైజుతో చూపించేది) గానీ మామూలు హీట్‌మ్యాప్ (విలువను రంగుతో చూపించేది) గానీ వాడమని నా సలహా.

అసలు మెషీన్ మీద డెన్సిటీ మ్యాట్రిక్స్ కావాలంటే టోమోగ్రఫీ చేయాలి, అంటే ఒకే సర్క్యూట్‌ని ఎక్స్, వై, జెడ్ మూడు దిక్కుల కలయికల్లోనూ కొలవాలి. 2 క్యూబిట్లకు 9 రకాల కొలతలు, 5 కి 243, 10 కి 59,049. ఒక్కో దానికి వెయ్యి షాట్లు. ఎందుకు రెండు మూడు క్యూబిట్లు దాటితే సాధారణంగా ఎవరూ ఈ బొమ్మ పెట్టరో అర్థమైంది కదా.

రంగులు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. 0 నుంచి 1 దాకా వెళ్లే సంభావ్యతకు మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో డిఫాల్ట్‌గా వచ్చే విరిడిస్ సరిపోతుంది, దాన్ని మార్చకండి. డెన్సిటీ మ్యాట్రిక్స్‌లో ప్లస్, మైనస్ రెండూ ఉంటాయి కాబట్టి మధ్యలో తెలుపు, ఒకవైపు నీలం, ఒకవైపు ఎరుపు ఉండే రంగుల వరస తీసుకుని, తెలుపు కచ్చితంగా సున్నా దగ్గర ఉండేలా రెండు హద్దులూ సమానంగా పెట్టండి. ఫేజ్ మాత్రం గడియారం లాంటిది, పన్నెండు దాటితే మళ్లీ ఒకటే: 359 డిగ్రీలు, 1 డిగ్రీ పక్కపక్కనే ఉన్నట్టు. దానికి విరిడిస్ వాడితే దాదాపు ఒకే ఫేజ్ ఉన్న రెండు స్థితులు ఒకటి ముదురు ఊదా, ఒకటి పసుపు అయి కూర్చుంటాయి, చూసినవాళ్లు అక్కడేదో పెద్ద తేడా ఉందనుకుంటారు. చుట్టూ తిరిగి మొదలైన రంగుకే వచ్చే ట్విలైట్ అనే కలర్‌మ్యాప్ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఉంది. ఫేజ్‌కి అదే వాడండి.

క్యూబిట్లు పెరిగాక

10 క్యూబిట్లకు 1024 ఫలితాలు, 20 కి పది లక్షల పైచిలుకు. 30 కి వెళ్తే స్టేట్ వెక్టర్ దాచుకోడానికే, ఒక్కో సంఖ్యకు 16 బైట్ల చొప్పున, 16 జీబీ ర్యామ్ కావాలి. ఇక హిస్టోగ్రామ్ మాట మరిచిపోండి, 1024 కడ్డీలే గీస్తే గడ్డి మొలిచినట్టు వస్తుంది తప్ప ఎవరికీ ఏమీ అర్థం కాదు.

ఇక్కడ దారి ఏంటంటే, మొత్తం చూపించాలనే కోరిక వదులుకుని మీ ప్రశ్నకు సరిపడే ఒక అక్షం ఎంచుకోవడం. 10 క్యూబిట్ల జీహెచ్‌జెడ్ స్టేట్ తయారుచేశారనుకోండి, అన్నీ 0 గానీ అన్నీ 1 గానీ రావాలి. ప్రతి ఫలితంలో ఎన్ని 1 లు ఉన్నాయో లెక్కపెట్టి, 0 నుంచి 10 దాకా 11 కడ్డీలు గీయండి. రెండు చివర్లా ఎత్తుగా, మధ్యలో ఖాళీగా ఉండాలి. 9 దగ్గర, 1 దగ్గర కొంచెం మొలిస్తే ఏదో ఒక క్యూబిట్ తప్పుతోందని, మధ్యలో గుట్ట లేస్తే సర్క్యూట్ మొత్తం చెడిపోయిందని ఒక్క చూపులో తెలిసిపోతుంది. 1024 కడ్డీలు చెప్పలేనిది 11 కడ్డీలు చెప్పాయి.

ఆప్టిమైజేషన్ సమస్య అయితే ఏ బిట్ల వరస వచ్చిందన్నది ఎవరికీ అక్కర్లేదు, దాని ఖర్చు ఎంత వచ్చిందన్నదే కావాలి. అడ్డ అక్షం మీద ఖర్చు పెట్టి, క్వాంటమ్ ఫలితాన్ని ఒక రంగులో, ఉత్తి యాదృచ్ఛికంగా ఎంచుకున్న జవాబులను ఇంకో రంగులో గీయండి. ఈ రెండోది పెట్టకపోతే మీ ఆల్గారిథమ్ నిజంగా ఏమైనా సాధించిందో లేదో చూసేవాళ్లకు తెలిసే దారే ఉండదు. ప్లాట్ హిస్టోగ్రామ్‌కే నంబర్ టు కీప్ అనే ఆప్షన్ ఉంది, ముఖ్యమైన కొన్ని కడ్డీలు ఉంచి మిగతావన్నీ ఒకే కడ్డీగా కలిపేస్తుంది, అదీ అప్పుడప్పుడూ పనికొస్తుంది.

దీనికి పరాకాష్ఠ గూగుల్ 2019 లో సికమోర్ అనే తన క్వాంటమ్ చిప్ మీద చేసిన ప్రయోగం. 53 క్యూబిట్లు, అంటే దాదాపు 9 తర్వాత పదిహేను సున్నాలన్ని ఫలితాలు సాధ్యం. వాళ్లు దాదాపు 200 సెకన్లలో పది లక్షల శాంపిళ్లు తీశారు. అన్ని ఫలితాల్లోంచి పది లక్షలు తీస్తే దేనికదే ఒక్కసారి వస్తుంది, హిస్టోగ్రామ్ గీస్తే అన్ని కడ్డీలూ ఒకటే ఎత్తు! అందుకే వాళ్లు క్రాస్ ఎంట్రోపీ అనే కొలమానంతో (మెషీన్ ఫలితాలు సిద్ధాంతానికి ఎంత దగ్గరగా ఉన్నాయో చెబుతుంది) మొత్తాన్ని ఒక్క సంఖ్యకు కుదించారు. అన్నిటికంటే పెద్ద సర్క్యూట్లకు అది దాదాపు 0.2 శాతం వచ్చింది. ఆ చిన్న సంఖ్య సున్నా కాదని నమ్మించడానికి, క్యూబిట్లు పెరిగేకొద్దీ అది ఎలా తగ్గుతూ వస్తుందో లాగ్ స్కేలు మీద గీసి చూపించారు. పెద్ద మెషీన్ ఫలితాన్ని ఎలా బొమ్మ కట్టాలో నేర్చుకోవాలంటే ఆ పేపర్‌లోని చార్టులు ఓపిగ్గా చూడండి.

మెషీన్‌ని కూడా గీయండి

అసలు హార్డ్‌వేర్ మీద నడిపితే ఫలితంతోపాటు ఆ చిప్ మ్యాప్ కూడా జతచేయండి. ప్లాట్ ఎర్రర్ మ్యాప్ అనే ఫంక్షన్‌కి బ్యాకెండ్ (మీరు వాడిన మెషీన్) ఇస్తే ఏ క్యూబిట్ దేనితో కలిసి ఉంది, ఏది చదవడంలో ఎంత పొరపాటు ఉంది, ఏ గేటు ఎంత తప్పుతోంది అని రంగులతో, కడ్డీలతో గీసిస్తుంది. మీ 01 కడ్డీ ఎందుకు లేచిందో చాలాసార్లు ఇక్కడే తెలుస్తుంది, మీ సర్క్యూట్ పడిన క్యూబిట్లలో ఒకదానికి పొరపాటు ఎక్కువగా ఉంటుంది. కాలిబ్రేషన్ (మెషీన్‌ని సరిచూసి సర్దడం) మళ్లీ మళ్లీ చేస్తుంటారు కాబట్టి ఈ మ్యాప్ మారుతూ ఉంటుంది. తేదీ, సమయం లేని ఎర్రర్ మ్యాప్‌కి విలువ లేదు.

తిరగేసి అడిగేవాళ్లకి

"సరే, క్వాంటమ్ కంప్యూటర్‌తో మన పెద్ద డేటాకి చార్టులు వేగంగా గీయించొచ్చా?" అని అడుగుతుంటారు. ఇప్పట్లో ఆ దారి వెతకొద్దు. ఎన్ క్యూబిట్ల నుంచి ఎన్ బిట్ల కంటే ఎక్కువ మామూలు సమాచారం బయటికి తీయలేమని గణిత శాస్త్రవేత్త హోలెవో 1973 లోనే రుజువు చేశాడు. చార్ట్ అంటే బోలెడు సంఖ్యలు బయటికి రావడం. పైగా కోటి వరసల డేటాని లోపలికి ఎక్కించడమే పెద్ద భారం, అక్కడే ఆదా అనుకున్న సమయం ఖర్చయిపోతుంది. మామూలు డేటాకి మామూలు కంప్యూటరే సరైనది.

చార్ట్ కింద ఏం రాయాలి

కింద వివరణ ఇలా ఉండాలి: "బెల్ స్టేట్, ఫలానా మెషీన్, క్యూబిట్లు 12, 13, 4000 షాట్లు, రీడౌట్ సవరణ (చదవడంలో వచ్చే పొరపాట్ల దిద్దుబాటు) చేయలేదు, ఎర్రర్ బార్లు ఒక స్టాండర్డ్ డీవియేషన్, సున్నా నంబరు క్యూబిట్ కుడివైపు, ఫలానా తేదీ." సిమ్యులేటర్ అయితే సిమ్యులేటర్ అని మొదటి మాటగా రాయండి. ఎర్రర్ మిటిగేషన్ (ఫలితంలోని తప్పులను లెక్కలతో తగ్గించే పద్ధతి) వాడి ఉంటే ముందు, తర్వాత రెండు కడ్డీలూ పక్కపక్కన చూపించండి, సవరించిన దాన్ని ఒక్కదాన్నే పెట్టకండి.

తెలుగులో లేబుళ్లు పెట్టాలనుకుంటే (పెట్టండి, మన పిల్లలకు చాలా అవసరం) మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో నేరుగా తెలుగు రాస్తే చాలాసార్లు ఒత్తులు, గుణింతాలు విడిపోయి వస్తాయి. అంకెలు మాత్రం ఉంచి, లేబుళ్లు లేకుండా ఎస్‌వీజీ ఫైల్‌గా సేవ్ చేసుకుని, ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ ఫాంట్ ఎంచుకుని అక్షాల పేర్లు అక్కడ టైప్ చేయండి. ఫాంట్ సైజు కాస్త పెద్దదే పెట్టండి, ప్రొజెక్టర్ మీద ఒత్తులు చివరి బెంచీ దాకా కనబడాలి.